నెబ్యులైజర్ మిషనా, స్పేసరా? వైరల్ తర్వాత పిల్లికూతలొస్తుంటే ఏది మేలు?

వానలు మొదలైతే చాలు హైదరాబాద్‌ల ఇంటికొక్క పిల్లకో పిల్లోడికో వైరల్, జ్వరం నాలుగు రోజుల్లో పోతది కానీ దగ్గు మాత్రం రెండు మూడు వారాలు లాగుతది, కొందరికి ఛాతీలో పిల్లికూతలు కూడా. డాక్టర్ సాల్బుటమాల్ (ఊపిరి గొట్టాలు తెరిపించే మందు) రాసిండంటే ఇంక డౌటే, మందుని పొగలెక్క చేసే నెబ్యులైజర్ మిషన్ కొనాల్నా లేక ఇన్హేలర్‌కి స్పేసర్, అంటే మాస్క్ ఉండే ప్లాస్టిక్ గొట్టం, తగిలిస్తే సరిపోతదా అని.

నా ఓటు స్పేసర్‌కే. మరీ సీరియస్ కాని ఆయాసానికి రెండూ దాదాపు ఒకేలా పనిచేస్తయి, పైగా స్పేసర్‌తో పిల్లలకి గుండె దడ తక్కువ. ఇన్హేలర్ ఒక్క పఫ్‌లో 100 మైక్రోగ్రాములే, మిషన్‌లో పోసే చిన్న ట్యూబులో మామూలుగా 2.5 మిల్లీగ్రాములు, అంటే 25 పఫ్‌లంత! అందులో చాలావరకు గాల్లో కలిసిపోతది, కప్పులో మిగిలిపోతది, నిజమే, అయినా చేతులు వణకడం, గుండె టకటకా కొట్టుకోవడం మిషన్‌తోనే ఎక్కువ కనిపిస్తది.

దడ సంగతి ఎందుకు ఇంతగా చెప్తున్ననంటే, వైరల్ తర్వాత అరుదుగా గుండె కండరానికే వాపు వస్తది, మయోకార్డైటిస్ అంటరు. మందు వల్ల వచ్చిన దడ కొన్ని గంటల్లో దిగిపోతది. అట్ల కాకుండా జ్వరం లేదు, మందు వేయలేదు, అయినా నిద్రలో కూడా గుండె ఉరుకుతుంటే, మొహం పాలిపోతే, ఆడుకుంటుంటే ఛాతీ నొప్పి అన్నా కళ్ళు తిరిగి పడ్డా ఆగొద్దు, వెంటనే చూపియ్యాలె, ఈసీజీ తీస్తరు, అవసరమైతే ఎకో, అంటే గుండె స్కాన్.

ఇన్హేలర్ అలవాటైపోతది అని నానమ్మలు భయపెడ్తరు, అదే మందు మిషన్ల నుంచి పొగలెక్క వస్తే మాత్రం ఏ అభ్యంతరం లేదు వాళ్ళకి!

మిషన్‌కి పదినిమిషాలు కూర్చోబెట్టాలె, కరెంట్ పోతే అంతే సంగతులు. స్పేసర్ అయితే బ్యాగులో పడేసుకొని ఊరికి కూడా తీస్కపోవచ్చు. కానీ ఒక్కో పఫ్‌కి ముందు ఊపాలె, మాస్క్ సందు లేకుండా ఆనించి అయిదారు శ్వాసలు తీయనియ్యాలె, రెండు పఫ్‌లు ఒకేసారి కొట్టొద్దు. ఏడుస్తుంటే రెండిట్లో ఏదైనా మందు లోపలికి సరిగ్గా పోదు, మాస్క్ దూరంగా పట్టుకొని పొగ చూపిస్తే అసలే దండగ.

మిషన్ కావాల్సింది ఆక్సిజన్ తగ్గిన పిల్లలకి, అది హాస్పిటల్ పని, అక్కడ ఆక్సిజన్‌తోనే నడిపిస్తరు. ఏడాది దాటి అయిదేళ్లలోపు పిల్లలు నిమిషానికి 40 లేదా ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా ఇంట్లో ప్రయోగాలొద్దు, నిలోఫర్‌కో దగ్గర్లోని పిల్లల హాస్పిటల్‌కో పోవాలె. ఇంక కూతల్లేని ఉత్త దగ్గుకి ఈ రెండూ అక్కర్లేదు, ఏడాదిలోపు బుజ్జాయిలకైతే వైరల్ ఆయాసంలో సాల్బుటమాల్ పెద్దగా పనిచేయదు కూడా.

స్పేసర్ కొంటే సబ్బు నీళ్ళల్లో కడిగి గాలికే ఆరనియ్యండి, బట్టతో తుడిస్తే లోపల స్టాటిక్ (రాపిడికి పుట్టే కరెంట్) వచ్చి మందంతా గోడలకే అంటుకుంటది.