ఫ్రెంచ్ ప్రెస్సా, ఫిల్టరా? స్ట్రాంగు కాఫీకి ఏది మేలు?

ఇంట్లో ఫిల్టరు ఉండగా ఫ్రెంచ్ ప్రెస్ (పొడిని వేడినీళ్లలో నానబెట్టి, జల్లెడ బిగించిన కడ్డీని, అంటే ప్లంజర్‌ను, కిందికి నొక్కి వడకట్టే పాత్ర) కొనడం అవసరమా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఏది కొనాలన్నది మీరు వాడే పొడిని బట్టి తేలుతుందని నా నమ్మకం.

అంగట్లో దొరికే ఫిల్టరు పొడి మెత్తగా ఉంటుంది, చాలావాటిలో చికోరీ కలిసి ఉంటుంది. ఫిల్టరుకు ఆ రెండూ కావలసినవే. నీళ్లు మెల్లగా దిగి డికాక్షన్ చిక్కగా వస్తుంది. అదే పొడిని ప్రెస్‌లో వేస్తే జల్లెడ పూడుకుపోతుంది, ప్లంజర్ కిందికి దిగదు, కప్పు అడుగున మడ్డి మిగులుతుంది. ప్రెస్ కాఫీ నచ్చలేదనేవారిని ముందు ఏ పొడి వేశారని అడుగుతాను. దానికి ఉప్మా రవ్వలా బరకగా ఉన్న, చికోరీ కలపని పొడి కావాలి.

స్ట్రాంగుగా కావాలంటే పెంచవలసింది పొడిని, నాననిచ్చే సమయాన్ని కాదు. 300 మిల్లీలీటర్ల నీళ్లకు మామూలుగా 20 గ్రాములు వేస్తారు. నేను 25 వేస్తాను. నీళ్లు మరిగాక అర నిమిషం ఆగి పోయాలి. 4 నిమిషాలకు నొక్కి, వెంటనే మొత్తం వంపేయాలి. అందులోనే వదిలేస్తే చేదు దిగుతూనే ఉంటుంది. ఆ చేదునే చాలామంది స్ట్రాంగు అనుకుంటారు!

పాలు లేనిదే కాఫీ కాదనేవారికి ఫిల్టరే మేలు, ఇందులో నాకు సందేహం లేదు. సగం గ్లాసు పాలు పోసినా డికాక్షన్ తన రుచి నిలుపుకుంటుంది, ప్రెస్ కాఫీ అయితే పలచబడిపోతుంది. నేను మాత్రం పాలు మానేసి ప్రెస్ వైపు వచ్చాను. అరకు అరబికా గింజల్లోని పండ్ల పులుపు పాలు లేనప్పుడే నాలుకకు తెలుస్తుంది. లోహపు జల్లెడ నూనెలను ఆపదు కనుక కాఫీ పలచగా అనిపించదు. అయితే ఆ నూనెల్లో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే పదార్థాలు ఉంటాయి. ఆ సమస్య ఉన్నవారికి కాగితపు ఫిల్టరుతో వడకట్టే పద్ధతి మంచిది.

పొయ్యి మీద పెట్టి ఆవిరి ఒత్తిడితో కాఫీ తీసే మోకా పాట్ కూడా స్ట్రాంగు కాఫీయే ఇస్తుంది, కానీ పొయ్యి దగ్గర కాపలా ఉండాలి.

ప్రెస్ కొనాలనుకుంటే ఖరీదైనది అక్కర్లేదు. ఆ డబ్బు చేత్తో తిప్పే మంచి గ్రైండరు మీద పెట్టండి. గింజలను మిక్సీలో వేస్తే కొంత బరకగా, కొంత పిండిలా వస్తుంది, ఆ పిండే మళ్లీ జల్లెడకు అడ్డం పడుతుంది.