వెనక వైపర్ పట్టేస్తే ఏది మేలు: విప్పి గ్రీజు పెట్టడమా, మోటారు మార్చడమా?

వానలు మొదలైన దగ్గర్నుంచి నన్ను అందరూ అడుగుతున్నది ఒకటే. మా అపార్ట్‌మెంట్లో పై అంతస్తు మాస్టారు అడిగారు, ఆఫీసులో ఇద్దరు అడిగారు, మొన్న రాజమండ్రి నుంచి మా బావ ఫోన్ చేసి మరీ అడిగాడు. వెనక వైపర్ సగం దాకా వెళ్లి ఆగిపోతోంది, షాపులో చూపిస్తే మోటారు పోయింది, మొత్తం సెట్టు మార్చాలంటున్నారు, మార్చేయమంటావా అని. పోయిన నెల నా కారుకీ ఇదే తంతు. నేను మార్చలేదు, విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టుకున్నాను. ఆ సంగతి తెలిసే అడుగుతున్నారు కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

నాది ఎనిమిదేళ్ల హ్యాచ్‌బ్యాక్. విశాఖలో బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఉంటాం. షాపులో నాకు చెప్పిన అంచనా 4,600 రూపాయలు, బిగింపు కూలి కాకుండా. చివరికి నాకు అయింది 180 రూపాయలు, ఒక ఆదివారం మధ్యాహ్నం. ఈ రెండు అంకెలు చూసి విప్పడమే మేలని అప్పుడే తేల్చేసుకోకండి. ఆగిపోతున్నది మోటారా, వైపర్‌ని తిప్పే ఇరుసు (షాఫ్టు) ఆ అన్నది ముందు తేలాలి. నా దృష్టిలో మొత్తం వ్యవహారం దీని మీదే నడుస్తుంది. షాపుల్లో చాలామంది ఈ తేడా చూడరు. రెండూ ఒకే సెట్టుగా వస్తాయి కాబట్టి సెట్టు మార్చేయమంటారు.

వెనక వైపర్ లోపల పెద్ద యంత్రాంగమేమీ ఉండదు. డిక్కీ డోర్ లోపల 12 వోల్టుల చిన్న మోటారు, దానికో వార్మ్ గేరు (మర లాంటి కడ్డీ పళ్లచక్రాన్ని తిప్పే ఏర్పాటు), గుండ్రంగా తిరిగేదాన్ని అటూఇటూ ఊగేలా మార్చే చిన్న క్రాంకు, చివర బయటికి వచ్చే ఉక్కు షాఫ్టు. ఆ షాఫ్టు అల్యూమినియం గొట్టంలో తిరుగుతుంది. నీళ్లు లోపలికి దిగకుండా పైన రంధ్రం చుట్టూ బిగిసి ఉండే రబ్బరు గ్రోమెట్, గొట్టం మూతి దగ్గర ఓ-రింగు అనే రబ్బరు వలయం ఉంటాయి. ఏళ్ల తరబడి ఎండకి ఈ రబ్బరు గట్టిపడి పగులుతుంది. అక్కడినుంచి నీళ్లు దిగుతాయి. ఉక్కు, అల్యూమినియం ఒకదాన్నొకటి ఆనుకుని ఉండి మధ్యలో తేమ, ఉప్పు చేరితే తినేసేది అల్యూమినియాన్నే. అది తెల్లటి పొడిగా మారుతుంది, ఆ పొడి అల్యూమినియం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. వెంట్రుకవాసి సందు కాస్తా మూసుకుపోయి షాఫ్టు పట్టేస్తుంది. అవతల మోటారు నిక్షేపంగానే ఉంటుంది, తిప్పడానికే వల్ల కాదు.

ముందు వైపర్లు ఏ కాస్త చినుకు పడ్డా తిరుగుతాయి. వెనకది నెలల తరబడి కదలదు. అందుకే వేసవంతా లోపల్లోపల గట్టిపడి, సరిగ్గా మొదటి ముసురుకి బయటపడుతుంది.

తేడా కనిపెట్టడానికి పది నిమిషాలు చాలు. ఒకరు కారులో కూర్చుని వెనక వైపర్ వేయాలి, ఇంకొకరు డిక్కీ దగ్గర చెవి పెట్టాలి. లోపల గుయ్‌మని మూలుగు వినిపించి ఆర్మ్ (బ్లేడుని పట్టుకుని ఉండే చెయ్యి) కదలకపోయినా, నీరసంగా కదిలినా, మోటారులో ప్రాణం ఉన్నట్టే. విన్న వెంటనే ఆపేయాలి. తిరగలేని మోటారుకి కరెంటు అలా పోతూ ఉంటే లోపలి తీగచుట్ట (వైండింగు) కాలిపోతుంది, అప్పుడు షాఫ్టు జబ్బు కాస్తా మోటారు జబ్బు అవుతుంది. కొన్ని మోడళ్లలో ముందు వైపర్లు నడుస్తుండగా రివర్స్ గేరు వేస్తే వెనకది కూడా దానంతట అదే నడుస్తుంది. అలాంటి కారైతే బాగుచేసేదాకా దాని ఫ్యూజు తీసి పక్కన పెట్టడం మంచిది.

ఏ శబ్దమూ లేకపోతే ముందు ఫ్యూజు చూడండి, తర్వాత టెస్ట్ ల్యాంపుతో మోటారు సాకెట్టు దాకా కరెంటు వస్తోందో లేదో చూడండి. డిక్కీ డోర్ కీలు దగ్గర నల్లటి రబ్బరు గొట్టంలోంచి వైర్లు వెళ్తాయి. డోరు తెరిచి మూసినప్పుడల్లా అవి మడతపడి, కొన్నేళ్లకి లోపల తెగుతాయి. వైపర్‌తో పాటు నంబరు ప్లేటు లైటో, వెనక అద్దం మీది ఆవిరి పోగొట్టే డీఫాగరో కూడా పనిచేయకపోతే అనుమానం ముందు అటే పోవాలి. వైరు అతికిస్తే పోయేదానికి మోటారు కొన్నవాళ్లను నేనెరుగుదును.

మూలుగు వినిపిస్తే ఆర్మ్ తీసి చూడాలి. తీసేముందు అద్దం మీద బ్లేడు పక్కనే ఒక టేపు ముక్క అంటించండి, తిరిగి బిగించేటప్పుడు అదే గుర్తు. ప్లాస్టిక్ మూత లేపితే నట్టు కనిపిస్తుంది, చాలా కార్లకి 10 నంబరు పానా సరిపోతుంది. నట్టు తీసినా ఆర్మ్ ఊరికే రాదు, షాఫ్టు పళ్లకి కరుచుకుని ఉంటుంది. ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. స్క్రూడ్రైవర్ పెట్టి అద్దానికి ఆనించి పైకి ఎత్తకండి. వెనక అద్దం టఫెండ్ గ్లాసు, ఒక్క మూల దెబ్బ తగిలితే మొత్తం ముక్కలుముక్కలుగా రాలిపోతుంది. ఆర్మ్‌ని లాగి తీసే చిన్న పుల్లర్ దొరికితే సరే, లేకపోతే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి అరగంట ఆగి, మొదలు దగ్గర పట్టుకుని పైకీ కిందకీ నెమ్మదిగా కదపండి. ఆర్మ్ చివర పట్టుకుని పక్కకి బలవంతంగా తిప్పడం కూడా తప్పే. వార్మ్ గేరు ఇటువైపు నుంచి తిరగదు, లోపల నైలాన్ పళ్లు ఊడిపోతాయి.

ఆర్మ్ లేకుండా వైపర్ వేస్తే షాఫ్టు హాయిగా తిరిగిందా? అయితే తప్పు ఆర్మ్‌దో బ్లేడుదో, దాన్ని మార్చుకుంటే చాలు. ఆర్మ్ లేకపోయినా కష్టంగా తిరుగుతోందా? షాఫ్టు పట్టేసిందన్నమాట. నాది ఇదే.

విప్పడం మొదలుపెట్టాక నాకు ఎక్కువ సమయం పట్టింది డిక్కీ డోర్ లోపలి ప్లాస్టిక్ ట్రిమ్ముకే. క్లిప్పులు విరక్కుండా లాగాలి, రెండు విరిగాయి కూడా. మోటారుకి మూడు బోల్టులు, ఒక సాకెట్టు. బయటికి తీసి బల్ల మీద పెట్టాక షాఫ్టు చుట్టూ చూస్తే, పాత సున్నం గోడ రాలినట్టు తెల్లటి పొడి. షాఫ్టు జారకుండా పట్టి ఉంచే సర్క్లిప్, వాషరు తీస్తే కింద ఓ-రింగు. ఒత్తితే మెత్తగా ఉండాల్సింది బల్లపరుపుగా అయిపోయి, గోరు తగలగానే రెండు ముక్కలైంది. ఎనిమిది వానాకాలాల నీళ్లు ఆ సందులోంచే దిగాయి.

గేరు పెట్టె మూత తీసి క్రాంకు విడదీశాక షాఫ్టును వెనక్కి కొట్టాలి. సుత్తితో నేరుగా మర మీద కొడితే మర చెడిపోయి మళ్లీ నట్టు ఎక్కదు. నట్టును షాఫ్టు కొసకి సమంగా ఎక్కించి, మీద చెక్కముక్క పెట్టి కొట్టాలి. నాది మొదట కదల్లేదు. మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ తెచ్చి పది నిమిషాలు గొట్టానికి వేడి పట్టించాను. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, కాబట్టి సందు కాస్త తెరుచుకుంటుంది. నాలుగో దెబ్బకి టక్కున జారింది. బ్లో ల్యాంపు జోలికి పోవద్దు, పక్కనే నైలాన్ గేరు ఉంది.

షాఫ్టుని 1000 నంబరు వాటర్ పేపర్‌తో నిగనిగలాడేదాకా రుద్దాను, గొట్టం లోపల పుల్లకి గుడ్డ చుట్టి తెల్లపొడి మొత్తం తీశాను. ఓ-రింగు కోసం షాఫ్టునే జేబులో వేసుకుని గాజువాక ఆటోనగర్‌లో బేరింగుల షాపుకి వెళ్లి, తొడిగి చూసి మరీ తెచ్చుకున్నాను. షాఫ్టుకి లిథియం గ్రీజు, ఓ-రింగుకి సిలికాన్ గ్రీజు. మామూలు గ్రీజు కొన్ని రకాల రబ్బరును ఉబ్బేలా చేస్తుంది, అందుకే అది వేరు, ఇది వేరు. గేరు పక్కన ఉండే రాగి పట్టీల మీద పాత గ్రీజు నల్లగా గట్టిపడి ఉంటే దాన్నీ తుడవండి. స్విచ్ ఆపాక బ్లేడు తన చోటికి తిరిగొచ్చి ఆగేది ఆ పట్టీల వల్లే.

బిగించేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆర్మ్ పెట్టకముందే సాకెట్టు తగిలించి ఒకసారి వైపర్ వేసి ఆపేయండి. షాఫ్టు తన చోటికి వచ్చి ఆగుతుంది. అప్పుడు టేపు గుర్తుకి సరిగ్గా ఆర్మ్ పెట్టి నట్టు బిగించాలి. ఈ పని మరిచిపోతే ఆర్మ్ వెళ్లి స్పాయిలర్‌కో బంపర్ వైపో కొట్టుకుంటుంది.

ఇక మోటారు మార్చడం. అది తప్పు అనడం లేదు. సాకెట్టులో 12 వోల్టులు వస్తున్నా మోటారు ఉలకదు పలకదు అంటే అది పోయినట్టే. మూత తీయగానే కాలిన వార్నిష్ వాసన కొట్టినా అంతే. నైలాన్ గేరు పళ్లు ఊడినా, గొట్టం లోపల గుంటలు పడి షాఫ్టు వదులుగా ఊగుతున్నా విప్పి కడిగి లాభం లేదు, ఓ-రింగు ఎంత కొత్తదైనా నీళ్లు ఆగవు. కారు వారంటీలో ఉంటే అసలు పానా పట్టుకోవద్దు, వాళ్ల చేతే మార్పించుకోండి. కొత్త సెట్టుతో గంటలో పని అయిపోతుంది, గేరు, రాగి పట్టీలు అన్నీ కొత్తవే వస్తాయి. ఆదివారం మధ్యాహ్నం చేతులు నల్లగా చేసుకునే ఓపిక అందరికీ ఉండదు, అది కూడా న్యాయమైన కారణమే.

కానీ మూలుగుతున్న మోటారుని పారేసి కొత్తది కొనడానికి నాకు మనసొప్పదు. డబ్బు ఒక్కటే కారణమైతే ఇంత గట్టిగా చెప్పను. నీళ్లు ఎక్కడినుంచి దిగాయో చూడకుండా మోటారు మార్చేస్తే, పగిలిన గ్రోమెట్ కిందే కొత్త మోటారు కూర్చుంటుంది. మళ్లీ అదే తెల్లపొడి పట్టడం మొదలవుతుంది. విప్పినవాడు ఆ పగులు కళ్లారా చూస్తాడు, చూశాక దాన్ని అలా వదిలేయలేడు. నన్ను విప్పడం వైపు మొగ్గేలా చేసింది ఇదే.

బయటినుంచి స్ప్రే కొట్టి వదిలేయడం చాలామంది చేసేది. రెండు వారాలు బాగానే తిరుగుతుంది. తర్వాత మామూలే, పైగా లోపల మిగిలిన కాస్త గ్రీజు కూడా కడుక్కుపోతుంది. ఆర్మ్ ఊడదీయడానికి మాత్రం స్ప్రే బాగా పనికొస్తుంది.

సెకండ్ హ్యాండ్ మోటారు కొనేవాళ్లు షాపులోనే బ్యాటరీకి తగిలించి తిరుగుతోందో లేదో చూసుకోండి. చూడ్డానికి ఒకేలా ఉన్నా మోడల్‌ని బట్టి ఊగే కోణం, సాకెట్టు పిన్నులు మారతాయి, పాతది వెంట తీసుకెళ్లండి. వైపర్ తీసేసి రంధ్రానికి రబ్బరు బిరడా పెట్టేసేవాళ్లూ ఉన్నారు. బేస్ వేరియంట్లలో అది ఉండదు కాబట్టి బండి నడుస్తుంది. కానీ హ్యాచ్‌బ్యాక్ వెనక గాలి సుడి తిరిగి బురదనీళ్లను అద్దం మీదే చల్లుతుంది. రాత్రి వానలో హైవే మీద వెళ్లేవాళ్లకి నేనది చెప్పను.

మా బావ కారు సంగతికొస్తే, ఫోన్లోనే వైపర్ వేయించి విన్నాను. చప్పుడు లేదు. ఫ్యూజు బాగుంది, సాకెట్టులో కరెంటు వస్తోందని వాళ్ల ఎలక్ట్రీషియన్ ల్యాంపు పెట్టి చెప్పాడు. నెలరోజులుగా పట్టేసిన వైపర్‌ని అలాగే వేస్తూ ఉన్నాడట, మోటారు కాలిపోయింది. "మార్చెయ్ బావా, నీది కడిగితే బాగుపడేది కాదు" అని చెప్పాను. గ్రోమెట్ కూడా కొత్తది వేయించమన్నాను. దాని పార్ట్ నంబరు వేరు, నోరు తెరిచి అడిగితే తప్ప షాపువాళ్లు తెప్పించరు.