ఇరుసు కురచ చేయించిన కారుతో ఇన్నాళ్లు

వెనుక వెడల్పు టైర్లు పట్టాలంటే ఇరుసు కోయించక తప్పదని చాలామంది ముందే తీర్మానించేస్తారు. కోయించి ఏళ్ల తరబడి నడుపుతున్నవాడిగా చెబుతున్నాను: మిగతా దారులన్నీ చూశాకే ఆ పని పెట్టుకోండి.

నా కారు వెనుక లీఫ్ స్ప్రింగుల (ఉక్కు పట్టీల కమానుల) మీద ఫోర్డ్ 9 అంగుళాల ఇరుసు ఉంది; ఆ 9 అంగుళాలు ఇరుసు పొడవు కాదు, దాని లోపలి పెద్ద పళ్ల చక్రం వ్యాసం. టైరుకు లోపల స్ప్రింగు అడ్డం, బయట ఫెండర్ (చక్రం మీది బాడీ రేకు) అంచు అడ్డం. ఇరుసు తగ్గిస్తే చక్రం లోపలికి జరుగుతుందే తప్ప అక్కడ కొత్తగా చోటు పుట్టదు. స్ప్రింగులను ఛాసిస్ కిందికి జరిపి, చక్రం గూటి రేకును లోపలికి పెంచితేనే ఆ చోటు వస్తుంది. అసలు శ్రమంతా అక్కడే.

ఒక చిన్న లెక్క చూడండి. రిమ్ము లోపలి అంచు నుంచి, చక్రాన్ని బిగించే హబ్బుకు ఆనే ముఖం దాకా ఉండే లోతును బ్యాక్‌స్పేసింగ్ అంటారు. ఇరుసును ఒక్కో పక్క 2 అంగుళాలు తగ్గించి 5.5 అంగుళాల బ్యాక్‌స్పేసింగ్ రిమ్ము బిగించినా, ఇరుసు జోలికి పోకుండా 7.5 అంగుళాలది బిగించినా టైరు నిలిచే చోటు ఒక్కటే. కావలసిన లోతు రిమ్ము దొరికితే ఇక కోత దండగే. నాకు నచ్చిన 15 అంగుళాల రకంలో అది దొరకలేదు. పైగా బయటికి గిన్నెలా లోతుగా కనిపించే చక్రాల మీద మోజు!

వెల్డింగ్ వేడికి ఇరుసు గొట్టం వంగుతుంది. బేరింగు గూళ్ల గుండా వంపులేని కడ్డీ దూర్చి, సరిచూస్తూ అతికించారు కాబట్టి నా ఆయిల్ సీళ్లు ఇప్పటికీ పొడిగానే ఉన్నాయి. గొట్టంలో తిరుగుతూ చక్రాలను తిప్పే షాఫ్టులు మాత్రం 31 స్ప్లైన్లవి (కొసన చెక్కిన పళ్లవి) కొత్తవే వేయించాను. ఫ్యాక్టరీ షాఫ్టులు చాలావరకు స్ప్లైన్లు దాటగానే సన్నబడతాయి; వాటిని కోస్తే మళ్లీ పళ్లు చెక్కేందుకు మందం మిగలదు.

నచ్చనిది బేరింగుల సంగతి. టైరు ఎక్కడ నిలవాలో అక్కడే నిలిచింది, బేరింగు మాత్రం లోపలికి పోయింది. దాంతో మలుపుల్లో దాని మీద పడే ఒత్తిడి పెరిగింది. జాకీ మీద ఎత్తినప్పుడల్లా చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూస్తాను. కాస్త వదులుగా ఊగితే బేరింగు మార్చడమే. షాఫ్టు విరిగితే అంగట్లో రెడీమేడ్‌గా దొరకదు, ఆ కొలతకు చేయించుకోవాలి. అందుకే కొలతల కాగితం బండి పత్రాలతోనే ఉంచాను.

కొలిచేటప్పుడు కారు బరువు చక్రాల మీదే ఉండాలి. మలుపులో లీఫ్ స్ప్రింగులు పక్కకు కూడా కొంత వంగుతాయి, టైరు గోడ ఉబ్బుతుంది. టైరు మీద రాసిన వెడల్పును నమ్మి కూర్చోకండి, రిమ్మును బట్టి అదీ మారుతుంది.

సూటిగా దూసుకుపోయే నా కారుకు ఇది సరిపోయింది, వెనక్కి మార్చే ఆలోచన లేదు. మలుపుల రోడ్ల మీద రోజూ తిరిగే కారైతే మాత్రం స్ప్రింగులు జరిపించి, బ్యాక్‌స్పేసింగ్ ఎక్కువున్న రిమ్ము వేయించి, ఇరుసును ఉన్నది ఉన్నట్టే వదిలేస్తాను.