బరంపురంలో అమ్మ ఆపరేషన్: డాక్టర్లే పూనుకుని బాగు చేసుకుంటున్న ఆసుపత్రి (5కి 4 స్టార్లు)

పర్లాకిమిడి వైపు మనవాళ్లకి పెద్ద జబ్బు చేస్తే శ్రీకాకుళమో విశాఖో పరిగెత్తాలి, లేదంటే బరంపురం. అమ్మకి గాల్ బ్లాడర్‌లో రాళ్లని తేలాక, పిన్ని వాళ్లు అక్కడే ఉన్నారు కదా అని మేం బరంపురమే వెళ్లాం. 1962 నుంచి దక్షిణ ఒడిశా జనానికి ఎంకేసీజీ మెడికల్ కాలేజీయే పెద్ద దిక్కు, అక్కడ రద్దీ మామూలుగా ఉండదు, అందుకని ఒక మోస్తరు ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం.

ఆపరేషన్ బాగా జరిగింది, అమ్మ కులాసాగా ఉంది. కానీ ఇది రాయాలనిపించింది మందుల చీటీ చూశాక.

డిశ్చార్జి చేసేటప్పుడు ఇచ్చిన ఆ కాగితంలో ఒక్కో మాత్ర పేరు పక్కన పొద్దు పొడుస్తున్న బొమ్మ, నడినెత్తిన సూర్యుడు, చందమామ ఉన్నాయి, ఏ పూట వేసుకోవాలో ఆ గడిలో టిక్కు పెట్టారు. కింద "తినకముందు", "తిన్నాక" అని తెలుగులో ఒక వరస, ఒడియాలో ఒక వరస. మా అమ్మ ఒడియా గలగలా మాట్లాడుతుంది గానీ చదవలేదు. ఇంటికొచ్చాక ఎవర్నీ అడక్కుండా తన మందులు తనే వేసుకుంది. ఇదెవరు చేశారని వార్డు సిస్టర్‌ని అడిగితే, సర్జన్ గారే కూర్చుని చేయించారండీ అంది. మళ్లీ చూపించుకోవడానికి వచ్చేవాళ్లు పొద్దుటి మాత్ర రాత్రి, రాత్రి మాత్ర పొద్దున వేసుకుని వస్తుంటే చూసి చూసి, ఫార్మసీ వాళ్లనీ సిస్టర్లనీ కూర్చోబెట్టి ఈ చీటీ తయారు చేయించారట. ఆ తప్పు కళ్లారా చూసేది ఓపీలో కూర్చున్న డాక్టరే కదా, ఆఫీసు గదిలో మేనేజరుకి అది ఎలా తెలుస్తుంది?

శనివారం అక్కడ ఓపీ గంట ఆలస్యంగా మొదలవుతుంది. ఆ గంట డాక్టర్లు, సిస్టర్లు కలిసి ఆ వారం ఎక్కడ తేడా జరిగిందో మాట్లాడుకుంటారు, దానికి డాక్టర్ల డబ్బులు కోయరట. యాజమాన్యం చేసిన మంచి పనుల్లో నాకు ఇదే అన్నింటికన్నా పెద్దది అనిపించింది. రోజంతా ఓపీ చూసి అలిసిపోయిన మనిషిని రాత్రి తొమ్మిదింటికి మీటింగుకి రమ్మంటే ఎవరొస్తారండీ, వచ్చినా ఏం ఆలోచిస్తారు?

థియేటర్‌లోకి తీసుకెళ్లే ముందు అమ్మని పేరు, ఏ ఆపరేషన్, ఏ మందైనా పడదా అని ఒక సిస్టర్ అడిగి రాసుకుంది. లోపల కూడా కోత పెట్టే ముందు సర్జన్, మత్తు డాక్టర్, సిస్టర్ ఒక్క నిమిషం ఆగి అవే పైకి చెప్పుకుంటారట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన 19 అంశాల చెక్‌లిస్ట్ ఇది. ఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రుల్లో అక్కడి వైద్యులే దగ్గరుండి తమ వాళ్లకి నేర్పి వాడినప్పుడు ఆపరేషన్ తర్వాత చనిపోయేవాళ్లు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గారు. అదే చెక్‌లిస్ట్ వాడుతున్నారో లేదో లెక్క చెప్పాలని కెనడాలోని ఒంటారియోలో ప్రభుత్వం హుకుం జారీ చేస్తే, 101 ఆసుపత్రుల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదని 2014లో తేలింది. ఎందుకన్నదాని మీద నిపుణులు వాదించుకున్నారు. నా మటుకు నాకు, పైనుంచి ఆర్డరు వేసి టిక్కులు పెట్టించినంత మాత్రాన పని జరగదనే అనిపిస్తుంది, చేసే డాక్టరుకి అది తన పని అనిపించాలి.

ఒక స్టారు ఎందుకు తగ్గించానంటే బిల్లింగు. పొద్దున రౌండ్స్‌లోనే డాక్టర్ గారు ఇంటికి వెళ్లొచ్చు అన్నారు, కౌంటర్లో కాగితాలు తేలేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆపరేషన్ అయిన మనిషి అంతసేపు మంచం అంచున బట్టలు సర్దుకుని కూర్చోవాలా? జూనియర్ డాక్టర్‌ని అడిగితే, అది అడ్మిన్ వాళ్లది సార్, శనివారం మీటింగులో ఆ మాట రాదు అన్నాడు పాపం. రావాలండీ. ముందు రోజు సాయంత్రమే ఎవరెవరు వెళ్తారో డాక్టర్లు చెప్పగలిగితే బిల్లు రాత్రికే సిద్ధం చేయొచ్చు, ఆ కౌంటర్ ఇన్‌ఛార్జిని కూడా శనివారం పిలిచి కూర్చోబెట్టండి.

వెళ్లేవాళ్లకి ఒక మాట: తెలుగు చీటీ కావాలని చేరిన రోజే వార్డులో చెప్పి ఉంచండి, ఆదివారం డిశ్చార్జి అయితే అది ప్రింటు తీసే మనిషి ఉండడు.