మూడుసార్లు తలుపు తట్టే రాణి: చవక కార్టూన్ కథలతో నాలుగేళ్లు

మా పాపకి మూడేళ్లప్పుడు మొదలుపెట్టాం, ఇప్పుడు దానికి ఏడు నిండాయి. నేను రాసేది పెద్ద స్టూడియోల సినిమాల గురించి కాదు. తక్కువ ఖర్చుతో తీసిన స్నో వైట్, సిండ్రెల్లా, ఎర్రటోపీ పిల్ల లాంటి కథలు ఉంటాయి చూడండి, పది నిమిషాల నుంచి ముప్పావుగంట దాకా, యూట్యూబ్‌లో తెలుగు మాటలతో దొరికేవి, వాటి గురించి. అంతకుముందు పది కథలున్న ఒక డీవీడీ ప్యాక్ కూడా కొన్నాం. అట్ట మీద బొమ్మ ఒకటి, లోపల బొమ్మ ఇంకొకటి, దాంట్లో రెండు కథలు మధ్యలోనే ఆగిపోయేవి. ఆ ప్యాక్‌కి పెట్టిన డబ్బులు దండగే.

ముందు బొమ్మ సంగతి చెప్తాను, ఎందుకంటే అందరూ అడిగేది అదే. మామూలుగా సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు, శ్రద్ధగా తీసేవాళ్లు వాటి కోసం కనీసం 12 బొమ్మలైనా గీస్తారు. వీటిలో అంత ఉండదు. మాట్లాడేటప్పుడు తల కదలదు, పెదాలు, కనురెప్పలు మాత్రమే ఆడతాయి. నడిస్తే నేల మీద జారుతున్నట్టు ఉంటుంది. మేం చూసే ఒక ఎర్రటోపీ కథలో అడవి మొత్తానికి ఒకటే కొమ్మ విరిగిన చెట్టు, ఆ పిల్ల అమ్మమ్మ ఇంటికి చేరేలోపు అదే చెట్టు ఐదుసార్లు వెనక్కి పోతుంది. చెయ్యి ఎత్తితే మోచేయి దగ్గర అతుకు కనిపిస్తుంది. మొదట్లో నాకు చాలా చిరాకుగా ఉండేది. మా అమ్మే అంది, "తోలుబొమ్మలకి కూడా అతుకులే కదరా, మూతి అసలు కదిలేదే కాదు, అయినా తెల్లారేదాకా కూర్చుని చూసేవాళ్లం" అని. నిజమే. అక్కడ బొమ్మని బతికించేది తెర వెనకున్న గొంతు. పాపకైతే ఆ చెట్టు మళ్లీ వచ్చినప్పుడల్లా పండగే, వేలు పెట్టి చూపించేది.

అందుకే ఇప్పుడు కొత్తది ఏదైనా పెట్టేముందు ఫోన్ బోర్లా పెట్టి రెండు నిమిషాలు వింటాను. తోడేలుకీ, అమ్మమ్మకీ, వేటగాడికీ ఒకే ఆవిడ ఒకే గొంతుతో గడగడా చదివేస్తుంటే అక్కడే ఆపేస్తాను. "ఓ నా ప్రియమైన అమ్మమ్మా, నేను నీ కోసం రొట్టెను తీసుకుని వచ్చియున్నాను" అని ఏ పిల్లయినా అంటుందా? పిల్లలు విన్నదే పలుకుతారు. ఒక సిండ్రెల్లా చూశాక మా పాప వారం రోజులు "నన్ను క్షమించుము నాన్నా" అంది, ఆ వీడియో వెంటనే తీసేశాను. బాగా చెప్పినవీ ఉన్నాయి. ఒకదాంట్లో సవతి తల్లి "ఏమే, పొయ్యి ఇంకా అంటించలేదా?" అంటుంది, ఆ ఒక్క మాటతో మా ఇంట్లో అందరం తెర వైపు తిరిగాం.

నా అసలు బాధ వేరే ఉంది, కథని కోసెయ్యడం. జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరులు అచ్చేసిన స్నో వైట్ కథలో ఆ పిల్లని చంపడానికి రాణి మారువేషంలో మూడుసార్లు వస్తుంది. మొదటిసారి నడుముకి బిగించే లేసు, రెండోసారి విషం పూసిన దువ్వెన, మూడోసారి ఆపిల్. రెండుసార్లు మరుగుజ్జులు వచ్చి బతికిస్తారు, మూడోసారి వాళ్ల వల్ల కాదు. మేం చూసిన చవక సినిమాల్లో దాదాపు అన్నిట్లో ఆపిల్ ఒక్కటే. రాజకుమారుడి ముద్దుతో లేవడం కూడా ఆ పుస్తకంలో లేదు, శవపేటిక మోసేవాళ్లు తడబడితే ఆ కుదుపుకి గొంతులో ఇరుక్కున్న ఆపిల్ ముక్క బయటికొస్తుంది. అంటే వీళ్లు పుస్తకం తెరవకుండా 1937 నాటి డిస్నీ సినిమాని చూసి తీస్తున్నారని నాకు అర్థమైంది. సిండ్రెల్లాదీ అదే వరస. ఫ్రెంచ్ రచయిత పెరో 1697లో అచ్చేసిన దాంట్లో ఆ అమ్మాయి విందుకి రెండు రాత్రులు వెళ్తుంది, గ్రిమ్ కథలో మూడు రోజులు. వీటిలో ఒక్క రాత్రే.

డబ్బుల్లేక కోశారంటే నేను ఒప్పుకోను. అదే కిటికీ, అదే తలుపు, అదే ముసలమ్మ మళ్లీ రావాలి, చేతిలో వస్తువు మారిస్తే చాలు, గీసిన బొమ్మలే మళ్లీ వాడుకోవచ్చు. తక్కువ డబ్బుతో తీసేవాళ్లకి ఇంతకంటే అనువైన కథ ఎక్కడ దొరుకుతుంది? పిల్లలకి కావాల్సిందీ ఆ మళ్లీ మళ్లీ రావడమే. చేపా చేపా ఎందుకు ఎండలేదు, గడ్డిమోపూ గడ్డిమోపూ ఎందుకు అడ్డమొచ్చావు అని వరసగా అడుగుతూ పెరిగినవాళ్లం, మనకి ఒకరు చెప్పాలా?

అలా మూడుసార్లూ ఉంచినది మాకు ఒక్కటే దొరికింది, పదిహేడు నిమిషాలది. బొమ్మలు అన్నిటికంటే నాసిరకం, రాణి జుట్టు ఒక షాట్‌లో నలుపు, ఇంకో షాట్‌లో గోధుమరంగు. కానీ రెండోసారి తలుపు చప్పుడవగానే పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మూడోసారి లేచి నిలబడి "తియ్యొద్దు! తలుపు తియ్యొద్దు!" అని అరిచింది. ఎంతో ఖర్చు పెట్టి తీసిన ఏ సినిమాకీ అది అలా లేవలేదు.

అలాగని పాత కథలో ఉన్నదంతా చూపించమని నేననను. డెన్మార్క్ రచయిత ఆండర్సన్ 1837 నాటి కథలో చిన్న జలకన్య నాలుక కోయించుకుంటుంది, అడుగేస్తే కత్తుల మీద నడిచినట్టు ఉంటుంది, చివరికి నురగైపోతుంది. మూడేళ్ల పిల్లకి ఆ నాలుక సంగతి చూపించకపోతేనే మంచిది. పెరో ఎర్రటోపీ కథలో తోడేలు పిల్లని తినేస్తే కథ అయిపోయినట్టే, కాపాడేవాళ్లే రారు. అందరూ గ్రిమ్ వాళ్ల వేటగాణ్ణి తెచ్చుకోవడం నాకు సంతోషమే. జలకన్యకి మాత్రం రాజకుమారుడితో పెళ్లి చేసేసి బాజాలు మోగించిన వీడియో చూశాక, రాత్రి పడుకునేటప్పుడు అసలు కథ చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నురగయ్యాక ఎక్కడికెళ్లింది నాన్నా?" అంది. గాలిలో ఉండే ఆడపిల్లల్లో కలిసిపోయిందని ఆండర్సనే రాశాడు, అదే చెప్పాను, నిద్రపోయింది.

ఇంకొక్క మాట, ఒకటి అయిపోగానే దానంతటదే ఇంకోటి మొదలయ్యే సెట్టింగ్ ఆపెయ్యండి. మా ఇంట్లో స్నో వైట్ తర్వాత దెయ్యాల కథ వచ్చేసి పాప రెండు రాత్రులు ఒంటరిగా బాత్రూమ్‌కి వెళ్లలేదు. ఇప్పుడు మంచివి నాలుగైదు ఫోన్‌లోనే సేవ్ చేసుకుని నెట్ ఆపి చూపిస్తున్నాను. ఆ పదిహేడు నిమిషాలది కూడా అందులో ఉంది. బాబుకి ఇప్పుడు రెండున్నర. మొన్న ఆదివారం అక్క పక్కన కూర్చుని చూశాడు, దువ్వెన దాకా నోట్లో వేలుంది, మూడోసారి తలుపు చప్పుడుకి వేలు తీసి "వద్దు" అన్నాడు.