నాటక సమాజాలకు జాగ్రత్త: డబ్బు కట్టి తెచ్చుకున్న ‘జాతీయ పురస్కారం’ కథ

వారం రోజులుగా నాటక మిత్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక రంగుల బ్రోచర్ తిరుగుతోంది. ‘జాతీయ స్థాయి వార్షిక నాటక పురస్కారాలు, ఎంట్రీలకు ఆహ్వానం’ అని. పైన మూడు సింహాల గుర్తు, పక్కన నంది బొమ్మ, కింద ఒక సెల్ నంబరు. నిరుడు దాదాపు ఇదే బ్రోచర్ చూసి మేం ఎంట్రీ పంపాం. 14 మందిమి వెళ్లాం. 62,000 రూపాయలు వదిలించుకుని, ఒక షీల్డు పట్టుకుని తిరిగొచ్చాం.

సంస్థ పేరు రాయడం లేదు. రాసినా మీకు పెద్దగా పనికిరాదు, ఎందుకంటే నిరుటి పేరుకీ ఈ ఏటి పేరుకీ రెండు మాటలు తేడా ఉంది. ఫోన్ చేసే గొంతు మాత్రం అదే. అందుకే వాళ్ల పద్ధతి ఎలా ఉంటుందో చెబుతాను, అది గుర్తుపెట్టుకోండి.

మాది చిన్న సమాజం. ఉద్యోగాలు చేసుకునేవాళ్లం, ఒకరిద్దరు రిటైరైనవాళ్లు. రాత్రి ఎనిమిది తర్వాత రిహార్సల్స్. నిరుడు ఒక పరిషత్తులో, అంటే నాటక పోటీలు నడిపే సంస్థలో, మా నాటికకు తృతీయ ఉత్తమ ప్రదర్శన వచ్చింది. పేపర్లో రెండు లైన్లు పడ్డాయి. మూడో రోజే ఫోన్.

“గురువు గారూ, మీ నాటిక గురించి విన్నామండీ. మీలాంటివాళ్లు జిల్లా దాటి రాకపోతే ఎలా? నంది తర్వాత అంతటి పురస్కారం మాదేనండీ.”

ఆ ‘గురువు గారూ’ దగ్గరే నేను పడిపోయాను. ఇరవై ఏళ్లుగా దర్శకత్వం చేస్తున్నాను, ఇంట్లో కూడా ఎవరూ అలా పిలవలేదు.

నామినేషన్ ఫీజు 2,500 అన్నారు, పంపాను. స్క్రిప్టు పంపమంటారా అంటే అవసరం లేదన్నారు. వీడియో పంపమంటారా అంటే తర్వాత చూద్దాం అన్నారు. నాకు అక్కడే అనుమానం రావాలి. నాటిక చదవకుండా, చూడకుండా దేన్నిబట్టి ఎంపిక చేస్తారు? కానీ పదిహేను రోజులకు ‘అభినందనలు, మీ నాటిక ఫైనల్స్‌కు ఎంపికైంది’ అని లెటర్‌హెడ్ మీద ఉత్తరం వచ్చేసరికి, మా వాళ్లంతా స్టేటస్‌లు పెట్టేసుకున్నారు. ఇక వెనక్కి వెళ్లే దారి లేకుండా పోయింది.

ఆ తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చాయి. వచ్చే ప్రతి కళాకారుడికీ డెలిగేట్ ఫీజు 1,200. పధ్నాలుగు మందికి 16,800. సావనీర్‌లో, అంటే ఆ ఉత్సవానికి వేసే ప్రత్యేక సంచికలో, మా సమాజం ఫొటోకి ఒక పేజీ, 5,000. “కంపల్సరీ కాదు గురువు గారూ, కానీ అన్ని సమాజాలూ వేయించుకున్నాయి, మీ ఒక్కరిదే లేకపోతే బాగుండదు.” అంటే వాళ్ల చేతికే 24,300 వెళ్లింది. ఇది కాక మినీ బస్సు 16,000, ఇద్దరు నటీమణుల పారితోషికం 12,000, మేకప్, మ్యూజిక్ ఆపరేటర్ కలిపి 5,500, రాత్రి బస, భోజనాలు 4,200. బస, భోజనం వాళ్లే చూస్తారని ఫోన్లో చెప్పారు. అక్కడికెళ్లాక డెలిగేట్ ఫీజులో మధ్యాహ్నం ఒక్క పూట ప్యాకెట్ మాత్రమే ఉందని తెలిసింది. ఈ లెక్క ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, మాకు ఎవరూ ఒకేసారి మొత్తం అడగలేదు. ఒకేసారి అరవై వేలు అడిగి ఉంటే ఫోన్ పెట్టేసేవాణ్ణి.

ఇక ఆ రోజు సంగతి.

ఉదయం పది గంటలకల్లా రిపోర్ట్ చేయమన్నారు, చేశాం. హాలు బాగానే ఉంది. కానీ స్టేజీ మీద పిల్లల కూచిపూడి నడుస్తోంది. అది అయ్యాక ఒక యోగా ప్రదర్శన. తర్వాత ఎవరికో సన్మానం. అడిగితే, ఇది ‘సాంస్కృతిక మహోత్సవం’ అని, అందులో నాటకాలు ఒక భాగమని చెప్పారు. మా సెట్టు సామాను గ్రీన్ రూమ్ బయట వరండాలో, ఎండలో. మేకప్ వేసుకుని నాలుగు గంటలు కూర్చున్నాం. తండ్రి పాత్ర వేసే మా పెద్దాయనకు గడ్డం జిగురు చెమటకు ఊడిపోతుంటే రెండుసార్లు మళ్లీ అతికించాం.

సాయంత్రం నాలుగున్నరకు పిలిచి, ఇరవై నిమిషాల్లో ముగించమన్నారు. మాది గంట నాటిక. పరిషత్తులకు ఆడేవాళ్లకు తెలుసు, గంట నాటికలో ఇరవై నిమిషాలంటే కథ ఇంకా అప్పుడే మలుపు తిరుగుతూ ఉంటుంది. వేదిక పక్కన నిలబడి ఏ సీను కోయాలో కాగితం మీద కొట్టేశాను. కొడుకు పాత్రధారి “అన్నా, మరి నా సీనో?” అన్నాడు. వాడి సీను పూర్తిగా పోయింది. ఆరు నెలలు రిహార్సల్‌కి వచ్చిన కుర్రాడు, ఆ రోజు స్టేజీ మీద మంచినీళ్ల గ్లాసు తెచ్చి పెట్టి వెళ్లిపోయాడు. డబ్బు సంగతి మరిచిపోవచ్చేమో గానీ, ఇది నాకు ఇప్పటికీ నొప్పిగానే ఉంది.

లైట్లు లేవు. ఉన్నవి సన్మాన సభకు వేసే తెల్ల లైట్లు, ఆపడం కుదరదన్నారు. వేలాడే మైకులు లేవు, ఒక స్టాండు మైకు ముందు పెట్టారు. ఎవరి డైలాగ్ వచ్చినప్పుడు వాళ్లు వచ్చి మైకు ముందు నిలబడి చెప్పి వెళ్లారు. న్యాయనిర్ణేతల కుర్చీలు మూడు. ఒకటి ఖాళీ. ఒకాయన ఫోన్ చూసుకుంటున్నారు. మూడో ఆయన, తర్వాత తెలిసింది, సావనీర్ ప్రింటింగ్ ప్రెస్ ఆయన.

రాత్రి ఎనిమిదిన్నరకు బహుమతులు. వచ్చిన సమాజాలు పదకొండు. పదకొండూ ఉత్తమమే! ఒకరికి ఉత్తమ ప్రదర్శన, ఒకరికి విశిష్ట ఉత్తమ ప్రదర్శన, ఇంకొకరికి అత్యుత్తమ సందేశాత్మక ప్రదర్శన, మాకేమో ఉత్తమ జనరంజక ప్రదర్శన. హాల్లో అప్పటికి మిగిలిన జనం మేమూ మేమే. నిజాయితీగా చెప్పాలంటే, మా పేరు పిలిచినప్పుడు ఒక్క క్షణం సంతోషం వేసింది. శాలువా కప్పి, ఫొటో తీసి, పది సెకన్లలో దింపేశారు. బస్సెక్కాక సర్టిఫికెట్ చూస్తే నాటిక పేరులో ఒక అక్షరం ఎగిరిపోయి అర్థమే తారుమారైంది. బ్రోచర్లో రాసిన నగదు బహుమతి ‘త్వరలో మీ ఖాతాకు’ అన్నారు. ఇంతవరకు రాలేదు.

అదే వేదిక మీద ఇద్దరికి ‘గౌరవ డాక్టరేట్’ కూడా ఇచ్చారు. నాటకానికి సంబంధం లేకపోయినా చెబుతున్నా: యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం (1956) 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీలు ఇచ్చే అధికారం చట్టబద్ధంగా ఏర్పడిన విశ్వవిద్యాలయాలకూ, చట్టం ఆ అధికారం ఇచ్చిన సంస్థలకూ తప్ప ఎవరికీ లేదు. ఒక సాంస్కృతిక సంస్థ హాలు అద్దెకు తీసుకుని డాక్టర్లను తయారు చేస్తోందంటే, అక్కడ పురస్కారాల సంగతి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

ఇప్పుడు దీన్ని మన పరిషత్తులతో పోల్చి చూడండి. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టినప్పటి నుంచి మనకు ఒక సంప్రదాయం ఉంది. ఆహ్వాన పోటీలకు పిలిచినవాళ్లు సమాజానికి ప్రదర్శన పారితోషికం ఇస్తారు, భోజనం, బస చూస్తారు. మొత్తం ఖర్చు రాదు, ఆ బాధ ఎప్పుడూ ఉన్నదే. కొన్నిచోట్ల నామమాత్రపు ఎంట్రీ ఫీజు ఉంటుంది, దాన్ని తప్పు పట్టను. కానీ ముందు స్క్రిప్టు అడుగుతారు, లేదా వచ్చి చూస్తారు. 1998లో మొదలైన ప్రభుత్వ నంది నాటకోత్సవాలనే తీసుకోండి. పద్య నాటకం, సాంఘిక నాటకం, సాంఘిక నాటిక, బాలల నాటిక అని విభాగాలు, వాటికి బంగారు, వెండి, కాంస్య నందులు. 2023 డిసెంబరులో గుంటూరులో జరిగినప్పుడు కూడా ముందు న్యాయనిర్ణేతలు తిరిగి ప్రదర్శనలు చూసి, ఆ తర్వాతే తుది పోటీలకు ఎంపిక చేశారు. ఫలితాల మీద గొడవలు అక్కడా ఉంటాయి. గొడవ పడడానికి కనీసం ఓడిపోయినవాడు ఒకడు ఉంటాడు కదా! మేం వెళ్లిన చోట ఓడిపోయినవాడే లేడు.

అసలు దెబ్బ రెండు నెలల తర్వాత తగిలింది. నాటిక రాసిన రచయిత గారు ఫోన్ చేశారు. “ఏవయ్యా, నన్నడక్కుండా నా నాటిక యూట్యూబ్‌లో ఎవడో పెట్టాడు, మధ్యలో ప్రకటనలు వస్తున్నాయి. అదీ సగం నాటిక!” ఆ ఇరవై నిమిషాల ముక్కని సంస్థవాళ్లు తమ ఛానెల్లో పెట్టారు. నేను వాళ్లకు ఫోన్ చేస్తే, మేం సంతకం చేసిన ఫారం ఫొటో పంపారు. రెండో పేజీ చివర చిన్న అక్షరాల్లో ‘ప్రదర్శన దృశ్య, శ్రవణ హక్కులన్నీ నిర్వాహకులవే’ అని ఉంది. సంతకం నాదే, కాదనలేను. కానీ నాటిక నాది కాదు, నాది కాని హక్కును నేను రాసివ్వలేను. కాపీరైట్ చట్టం (1957) ప్రకారం రచన మీద హక్కు రచయిత జీవితకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. రచయిత గారు పరిషత్తులో ఆడుకోవడానికి అనుమతి పత్రం ఇచ్చారు తప్ప, వీడియో అమ్ముకోవడానికి కాదు. చివరికి ఆయనే యూట్యూబ్‌కి కాపీరైట్ ఫిర్యాదు పెడితే వీడియో తీసేశారు. ఆయన నాతో మామూలుగా మాట్లాడడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. ఆ ఫారం చదవకుండా సంతకం పెట్టిన తప్పు పూర్తిగా నాది.

డబ్బు వెనక్కి అడిగాను. మొదట ‘చూద్దాం గురువు గారూ’, తర్వాత ‘మీటింగ్‌లో ఉన్నా’, ఆ తర్వాత నంబరు బ్లాక్. రసీదు అడిగితే ఇవ్వలేదు. అప్పుడు గమనించాను, మేం యూపీఐలో పంపిన డబ్బంతా సంస్థ ఖాతాకి కాదు, ఒక వ్యక్తి పేరు మీదికి వెళ్లింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేసి, స్క్రీన్‌షాట్లన్నీ ఇచ్చి ఫిర్యాదు నమోదు చేయించాను. ఇంకా నడుస్తోంది. మీలో ఎవరైనా ఇప్పుడే డబ్బు పంపి, మోసమని అర్థమైతే, ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ మోసాల నంబరు, ఎంత తొందరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. నేను ఆ పని నెలల తర్వాత గుర్తు చేసుకున్నాను.

మూడు సింహాల గుర్తు సంగతి కూడా చెప్పాలి. దాన్ని ఎవరు పడితే వాళ్లు వాడకుండా 2005లో ప్రత్యేకంగా చట్టమే ఉంది. ప్రైవేటు సంస్థ బ్రోచర్ మీద అది కనిపిస్తే గౌరవం కాదు, అనుమానం కలగాలి. మేం ఆ గుర్తు చూసే నమ్మాం.

ఈసారి ఫోన్ వస్తే మీరు అడగాల్సింది పెద్దగా ఏం లేదు. న్యాయనిర్ణేతల పేర్లు చెప్పమనండి. మాకు ‘గోప్యత కోసం చెప్పం’ అన్నారు. పేర్లు చివరి రోజు వరకు చెప్పని పరిషత్తులూ ఉన్నాయి కాబట్టి నేను అదీ నమ్మాను. కనీసం నిరుటి న్యాయనిర్ణేతలెవరో చెప్పగలగాలి కదా. నిరుడు బహుమతి రాని సమాజం ఏదైనా ఉందా అని అడగండి. మాకు ఎన్ని నిమిషాలు, ఎన్ని లైట్లు, ఎన్ని మైకులు అనేది రాసివ్వమనండి. సంఘం రిజిస్ట్రేషన్ నంబరు, సంఘం పేరు మీద బ్యాంకు ఖాతా అడగండి. ఈ నాలుగు అడిగిన మా పక్క ఊరి సమాజం వాళ్లకు మొన్న అవతలి నుంచి వచ్చిన జవాబు: “మీకు కళ మీద ప్రేమ లేదండీ.” ఫోన్ పెట్టేశారట.

నాకు మాత్రం ఈ ఏడు కూడా మెసేజ్ పెట్టారు, వేరే నంబరు నుంచి. గత విజేతలకు నామినేషన్ ఫీజులో సగం తగ్గింపు అట. ఎంట్రీలకు ఆఖరు తేదీ నెలాఖరు. మీ సమాజంలో ఎవరైనా ఇప్పటికే ఫారం నింపుతుంటే, రెండో పేజీ చివరి లైను చదవమని చెప్పండి. మా ఫారం, ఉత్తరం, సర్టిఫికెట్ ఫొటోలు నా దగ్గర ఉన్నాయి, అడిగినవాళ్లకు పంపుతాను.