కాల్విన్ తిరిగిన ఊళ్ళు: స్ట్రాస్‌బూర్గ్, బాసెల్, జెనీవా – ఎక్కడ ఆగాలి, ఎక్కడ దాటేయాలి

జెనీవా వెళ్ళి పదహారో శతాబ్దపు ప్రొటెస్టెంట్ సంస్కర్త జాన్ కాల్విన్‌కు సంబంధించినవన్నీ చూశాం అనేవాళ్ళలో ఎక్కువమంది చూసేది బాస్టియన్ పార్కులో ఉన్న పెద్ద గోడనే. సుమారు వంద మీటర్ల పొడవు రాతిగోడ, మధ్యలో అయిదు మీటర్ల ఎత్తున కాల్విన్, ఆయన తోటి సంస్కర్తలు ఫారెల్, బేజా, నాక్స్ విగ్రహాలు, ముందు నిలబడి ఒక ఫోటో, అంతటితో సరి. నన్నడిగితే ఆ గోడ కాల్విన్ గురించి చెప్పేది చాలా తక్కువ. తన సమాధి మీద గుర్తుగా ఒక రాయి కూడా పెట్టొద్దన్న మనిషి ఆయన. ఆయన జీవితం అర్థం కావాలంటే ముందు స్ట్రాస్‌బూర్గ్‌లో దిగండి, జెనీవాలో గోడకు పది నిమిషాలు చాలు, మిగతా టైమంతా ఆడిటోరియం అనే చిన్న చర్చికి, శాంపెల్ అనే పేటలో ఒక వీధి మూల ఉన్న రాయికి ఇవ్వండి. ఎందుకో చెప్తాను.

మేముండేది ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర. అమ్మానాన్న జమ్మలమడుగు నుంచి వచ్చినప్పుడు ఈ ట్రిప్ పెట్టుకున్నాం. అక్కడి మా సీఎస్ఐ చర్చి 1947కు ముందు లండన్ మిషన్ వాళ్ళది, ఆ మిషన్‌లో ఎక్కువమంది కాంగ్రిగేషనల్ సంఘాలవాళ్ళు, వాళ్ళ మూలాలు వెతుక్కుంటూ పోతే చివరికి జెనీవాలోనే తేలతాం. నాన్న చిన్నప్పటి నుంచి కాల్విన్ పేరు వింటున్నారు గానీ ఆయన ఎక్కడ ఉన్నాడు, ఎలా బతికాడు అన్నది ఎవరూ చెప్పలేదట. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్ళాం కాబట్టి ఈ సలహాలు కూడా ఆ లెక్కలోనే ఉంటాయి.

స్ట్రాస్‌బూర్గ్‌తో మొదలుపెట్టమనడానికి కారణముంది. 1536లో కాల్విన్ పారిస్ నుంచి వెళ్ళాలనుకున్నది ఈ ఊరికే. దారిలో యుద్ధం జరుగుతోంది, చుట్టూ తిరిగి రావాల్సి వచ్చి జెనీవాలో ఒక్క రాత్రి ఆగాడు. అక్కడ ఫారెల్ పట్టుకుని, ఇక్కడే ఉండి పనిచెయ్, నీ చదువే ముఖ్యమని వెళ్ళిపోతే దేవుడు నీ చదువును శపిస్తాడు అని బెదిరించాడు. ఉండిపోయాడు. రెండేళ్ళు తిరక్కుండానే, 1538లో, ఊరి పెద్దలతో గొడవపడి ఇద్దరూ బహిష్కరణకు గురయ్యారు. అప్పుడు చేరింది స్ట్రాస్‌బూర్గ్. అక్కడి సంస్కర్త మార్టిన్ బ్యూసర్ పిలిచి ఫ్రెంచ్ శరణార్థుల సంఘాన్ని అప్పగించాడు. డబ్బుకు బాగా ఇబ్బంది, పుస్తకాలు అమ్ముకున్నాడు, కుర్రాళ్ళకు ఇంట్లో చోటు అద్దెకిచ్చాడు, దర్జీల సంఘంలో పేరు రాయించుకుని పౌరసత్వం తెచ్చుకున్నాడు. 1540లో ఇడలెట్ అనే, పిల్లలున్న విధవను పెళ్ళి చేసుకున్నది కూడా ఇక్కడే. కీర్తనలను సంఘమంతా కలిసి పాడుకునేలా మొదటి చిన్న పాటల పుస్తకం 1539లో ఇక్కడే అచ్చయింది. ఇవాళ మన చర్చిల్లో సంఘమంతా లేచి నిలబడి కీర్తన అందుకోవడం చూసి పెరిగినవాళ్ళకు ఈ ఒక్క సంగతి చాలు ఈ ఊళ్ళో దిగడానికి.

చూడ్డానికేమో గొప్ప కట్టడాలు అక్కర్లేదు. బ్యూక్లియే వీధిలోని చర్చి ఆయన నడిపిన ఫ్రెంచ్ సంఘానికి వారసురాలు, భవనం మాత్రం పద్దెనిమిదో శతాబ్దం చివరిది. మేం వెళ్ళింది వారం మధ్యలో, తలుపులు వేసి ఉన్నాయి. లోపల చూడాలంటే ఆదివారం ఆరాధన టైమ్‌కు వెళ్ళడం మేలు. అక్కడి నుంచి నడిచిపోయేంత దూరంలోనే బ్యూసర్ పాస్టర్‌గా ఉన్న సెయింట్ థామస్ చర్చి. 1741 నాటి సిల్బర్‌మన్ ఆర్గన్ అక్కడుంది, మా అదృష్టం కొద్దీ ఎవరో ప్రాక్టీస్ చేస్తున్నారు, అమ్మ బెంచీ మీద నుంచి లేవనంది. ఊరు చదునుగా ఉంటుంది, ట్రామ్‌లు బాగుంటాయి, స్టేషన్ దగ్గర హోటళ్ళు జెనీవాతో పోలిస్తే సగం ధరకే దొరుకుతాయి. డిసెంబర్‌లో మాత్రం వెళ్ళొద్దు, క్రిస్మస్ మార్కెట్ జనంలో గదుల రేట్లు ఎక్కడికో పోతాయి.

బాసెల్‌లో ఒక రాత్రి చాలు. రైల్లో గంటన్నర లోపే వచ్చేస్తుంది, హోటల్లో దిగితే ట్రామ్‌లు బస్సులు ఫ్రీగా తిరిగే కార్డు ఇస్తారు. 1535లో మారుపేరుతో ఇక్కడ దాక్కున్న కాల్విన్, 1536 మార్చిలో క్రైస్తవ విశ్వాసాన్ని వివరించే తన పుస్తకం ఇన్‌స్టిట్యూట్స్ మొదటి ముద్రణ ఇక్కడే తెచ్చాడు. అప్పటికి ఇరవయ్యారేళ్ళు. ఆరు అధ్యాయాల చిన్న పుస్తకం అది, జీవితమంతా తిరగరాస్తూ పోయి 1559 నాటికి నాలుగు భాగాలు, ఎనభై అధ్యాయాలు చేశాడు. సెయింట్ ఆల్బన్ పేటలో పాత కాగితం మిల్లును మ్యూజియం చేశారు, కాగితం ఎలా తీసేవాళ్ళో, అక్షరాలు ఎలా పేర్చేవాళ్ళో చేసి చూపిస్తారు. పిల్లలుంటే తప్పకుండా తీసుకెళ్ళండి. బాసెల్ పేరు మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇక జెనీవా. ముందు బస సంగతి. ఓ మాదిరి గదికి కూడా నూట యాభై, రెండొందల ఫ్రాంకులు అడుగుతారు. మేం మొదట స్టేషన్ దగ్గర ఒక హోటల్లో దిగాం, పేరు చెప్పను గానీ ఆ రేటుకు గదిలో కెటిల్ లేదు, లిఫ్ట్ పనిచెయ్యలేదు, రిసెప్షన్‌లో అడిగితే రేపు చూస్తామన్నారు, ఆ రేపు రానేలేదు. నాన్న మూడంతస్తులు ఎక్కి దిగారు. కాబట్టి పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు బుక్ చేసేముందే లిఫ్ట్ సంగతి ఫోన్ చేసి కనుక్కోండి. జెనీవా హోటళ్ళు, హాస్టళ్ళు ఏవైనా సరే, ఊళ్ళో బస్సు, ట్రామ్, సరస్సు దాటించే చిన్న పడవలన్నీ ఫ్రీగా ఎక్కే ట్రాన్స్‌పోర్ట్ కార్డు ఇస్తాయి, అది నిజంగా పనికొచ్చే సౌకర్యం. ఖర్చు తగ్గాలంటే సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని అన్‌మాస్‌లో దిగొచ్చు, లెమాన్ ఎక్స్‌ప్రెస్ రైల్లో అరగంట లోపే జెనీవా వచ్చేస్తుంది, కాకపోతే ఆ ఫ్రీ కార్డు రాదు. మేం తర్వాత అక్కడికే మారాం. అన్‌మాస్‌కు ఇంకో కారణం కూడా ఉంది, కింద చెప్తాను. సంఘం తరఫున గుంపుగా వెళ్ళేవాళ్ళయితే గ్రాన్ సాకొనె వైపు జాన్ నాక్స్ సెంటర్ అని రిఫార్మ్డ్ (కాల్విన్ సంప్రదాయపు) వాళ్ళదే ఒక అతిథిగృహం ఉంది, దాన్ని కూడా కనుక్కోండి.

తిండికి పాకీ పేటలో ఇండియన్ హోటళ్ళు ఉన్నాయి, అన్నం దొరుకుతుంది, కానీ బిల్లు చూస్తే కడుపు నిండిపోతుంది. సూపర్ మార్కెట్‌లో పెరుగు, బ్రెడ్, పళ్ళు కొనుక్కుని ఉదయం పూట గడిపేయడం నయం. ఆదివారం షాపులు మూసేస్తారు, స్టేషన్‌లోనూ ఎయిర్‌పోర్ట్‌లోనూ ఉన్నవే దిక్కు. నీళ్ళ సీసాలు మాత్రం కొనొద్దు, ఊరంతా తాగే నీళ్ళ ఫౌంటెన్లే.

పాత ఊరు గుట్ట మీద ఉంటుంది, రాళ్ళు పరిచిన ఎత్తు దారి. నడవలేనివాళ్ళకు పైదాకా ఒక చిన్న బస్సు ఉంది. సెయింట్ పియర్ కెథడ్రల్‌లోకి టికెట్ లేదు, గోపురాలకు ఉంది, నూట యాభై ఏడు మెట్లు, నేనొక్కదాన్నే ఎక్కాను, సరస్సు మొత్తం కనిపిస్తుంది. నాన్న కిందే, కాల్విన్‌ది అని చెప్పే సాదా చెక్క కుర్చీ ముందు ఉండిపోయారు. దానికి మెట్లూ లేవు, అలంకారాలూ లేవు, చేతులు పెట్టుకునే చోట మాత్రం చెక్క నున్నగా అరిగి ఉంది. "ఏం పాపా, ఇంత చిన్న కుర్చీనా ఆయప్పది?" అన్నారు. విగ్రహాలు, బొమ్మలు తీసేసి గోడలు ఖాళీ చేసిన గుడి అది, అందులో ఆ కుర్చీ ఉండాల్సినట్టే ఉంది.

దాన్ని ఆనుకునే ఆడిటోరియం ఉంది. నా లెక్కలో జెనీవా మొత్తంలో మొదట చూడాల్సింది ఇదే. కాల్విన్ బైబిల్ పాఠాలు చెప్పిన హాలు ఇది. ఫ్రాన్స్, ఇంగ్లండ్, ఇటలీ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్ళు తమ తమ భాషల్లో ఆరాధించుకోవడానికి ఇచ్చిన చోటు కూడా ఇదే. జాన్ నాక్స్ ఇంగ్లిష్‌వాళ్ళ సంఘాన్ని నడిపాడు, ఆ శరణార్థులే 1560లో జెనీవా బైబిల్ తెచ్చారు. ఇప్పటికీ ఆదివారాలు స్కాట్లండ్ చర్చివాళ్ళ ఇంగ్లిష్ ఆరాధన జరుగుతుంది, టూరిస్టులుగా కాకుండా సంఘంలో కూర్చోవాలనుకుంటే ఆదివారం ఉండేలా ప్లాన్ చేసుకోండి. కాల్విన్ కూడా శరణార్థే కదా. ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఊరిని మార్చినవాడు, అక్కడి పౌరసత్వం దక్కించుకున్నది 1559 చివర్లో, చనిపోవడానికి నాలుగున్నరేళ్ళ ముందు.

రిఫర్మేషన్ మ్యూజియం ఆ పక్కనే, 2023లో కొత్తగా మార్చి తెరిచారు, సోమవారం సెలవు. మ్యూజియం, గోపురాలు, గుడి కింద తవ్వకాలు అన్నీ కలిపిన టికెట్ తీసుకుంటే మంచిది. తవ్వకాలు పెద్దవాళ్ళకు బోర్ కొట్టొచ్చు, మ్యూజియానికి మాత్రం పూట కేటాయించండి. కాల్విన్ వీధి 11వ నంబర్ దగ్గర బోర్డు తప్ప ఏమీ లేదు, ఆయన ఉన్న ఇల్లు 1706లోనే పడగొట్టారు.

బాస్టియన్ పార్కు గోడ 1909లో, ఆయన పుట్టి నాలుగొందల ఏళ్ళయిన సందర్భంగా మొదలుపెట్టారు. అదే పార్కులో జెనీవా లైబ్రరీ ఉంది, నాకు బాధ కలిగించింది దాని కథ. 1549 నుంచి కాల్విన్ ప్రసంగాలను రాగనియే అనే శరణార్థి షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని, సాఫు చేయించి సంపుటాలు కట్టించాడు, ఆ జీతం ఫ్రెంచ్ శరణార్థుల నిధి ఇచ్చింది. వాటిలో చాలా సంపుటాలను 1805లో ఆ లైబ్రరీయే కాగితం బరువు తూచి అమ్మేసింది. కొన్ని తర్వాత తిరిగి దొరికాయి, చాలావరకు పోయాయి. పాస్టర్‌గా ఆయన అసలు పని ఆ ప్రసంగాలే. గోడ కట్టినవాళ్ళకు వంద ఏళ్ళ ముందువాళ్ళు వాటిని దాచి ఉంటే ఎంత బాగుండేది అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

శాంపెల్ గురించి. మేం మాట్లాడుకున్న టూర్ గైడ్ అక్కడికి రానన్నాడు, చూడ్డానికేం లేదు, అదొక రాయి అన్నాడు. అదే పేరుతో రైల్వే స్టేషన్ ఉంది, మేమే వెళ్ళాం, ఆసుపత్రి వెనక వీధి మూల. 1553 అక్టోబర్ 27న మైకేల్ సర్వెటస్ అనే స్పెయిన్ వైద్యుణ్ణి, త్రిత్వాన్ని కాదన్నందుకు, శిశు బాప్తిస్మాన్ని కాదన్నందుకు సజీవంగా కాల్చింది ఆ దిబ్బ మీదే. పట్టించిందీ, వాదించిందీ కాల్విన్. మంట వద్దు తల నరకండి అని అడిగాడు, నగర సభ ఒప్పుకోలేదు, మరణశిక్ష వద్దని మాత్రం ఆయన అనలేదు. 1903లో కాల్విన్ అనుచరులే ఈ రాయి నిలబెట్టారు. చెక్కని ముడి రాయి, ఒక వైపు సర్వెటస్ పేరూ తేదీలూ, వెనక వైపు తిరిగి చూస్తే, మేం కాల్విన్‌కు గౌరవం, కృతజ్ఞత ఉన్న బిడ్డలమే, కానీ ఆయన శతాబ్దానిదైన ఒక తప్పును ఖండిస్తున్నాం, మనస్సాక్షి స్వేచ్ఛకు కట్టుబడి ఉన్నాం అని ఉంటుంది. నేను ఫోన్‌లో చూసి తెలుగులో చెప్పాను. అమ్మ చాలాసేపు ఆలోచించి, "శతాబ్దం కాలుస్తుందా? మనుషులే కదా కాల్చింది" అంది.

అమ్మ మాటే నాదీను. ఎందుకంటే ఆ శతాబ్దంలోనే, బాసెల్‌లో, సెబాస్టియన్ కాస్టెలియో ఉన్నాడు. ఒకప్పుడు జెనీవాలో బడికి పెద్ద. మనిషిని చంపడం సిద్ధాంతాన్ని కాపాడ్డం కాదు, మనిషిని చంపడమే అని రాసింది ఆయనే. ఆ పుస్తకం ఆయన బతికుండగా అచ్చు కాలేదు. కాబట్టి ఆ రోజుల్లో అందరూ అంతే అనడం కుదరదు. కాల్విన్ నుంచి నేర్చుకున్న విశ్వాసంలో పెరిగినవాళ్ళం మేము, ఆయన్ని ప్రేమిస్తూనే ఈ మాట అనాలి, అనగలగాలి. అందుకే శాంపెల్ చూపించని టూర్‌కు డబ్బు కట్టొద్దంటున్నాను. సర్వెటస్ విగ్రహం కూడా అక్కడ ఉంది, 2011లో పెట్టారు. ముందు ఆ విగ్రహాన్ని జెనీవా వద్దంటే 1908లో అన్‌మాస్‌లో పెట్టుకున్నారు, రెండో ప్రపంచ యుద్ధంలో, జర్మనీకి లొంగిన ఫ్రాన్స్‌లోని విషీ ప్రభుత్వం కరిగిస్తే 1960లో మళ్ళీ పోతపోశారు. అన్‌మాస్‌లో దిగితే సాయంత్రం నడకలో చూసెయ్యొచ్చు.

ప్లాన్‌పాలె శ్మశానంలో కాల్విన్ పేరుతో చూపించేది తర్వాతివాళ్ళు పెట్టుకున్న గుర్తు, అసలు చోటు తెలియదు. చెట్లు, బెంచీలు ఉన్న ప్రశాంతమైన చోటే గానీ టైమ్ లేకపోతే వదిలేయండి.

పారిస్ మీదుగా వచ్చేవాళ్ళు ఆయన పుట్టిన నొయోఁ కూడా అడుగుతుంటారు. గార్ దు నోర్ నుంచి గంటా గంటంపావు రైలు. ఇల్లు మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మళ్ళీ కట్టింది, లోపల చిన్న మ్యూజియం. దాని కన్నా అక్కడి కెథడ్రల్ చూడండి, వాళ్ళ నాన్న పనిచేసింది ఆ గుడివాళ్ళ దగ్గరే, పన్నెండేళ్ళ పిల్లాడిగా కాల్విన్ చదువు ఖర్చు గడిచింది ఆ గుడి ఆదాయంతోనే. ఒక పూట చాలు, వెళ్ళేముందు మ్యూజియం తెరిచే రోజులు చూసుకోండి, భోజనం పారిస్‌లోనే కానిచ్చి వెళ్ళండి.